సంతకాలున్నాయి, తీర్మానం ఏదీ?

ఖండన ప్రకటన

మా మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల నుంచి 3, 4, 5 తరగతులను పక్క ఊరి బడికి తరలించాలంటూ వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాన్ని మా ఉపాధ్యాయ సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. లిఖితపూర్వక ఉత్తర్వు అడిగితే, ‘ముందు పిల్లల్ని పంపండి, కాగితం తర్వాత వస్తుంది’ అన్నారు.

తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుందట! మినిట్స్ బుక్కు మేం తిరగేశాం. పైన తేదీ లేదు, తీర్మానం లేదు. పేజీ అడుగున తొమ్మిది సంతకాలు, రెండు వేలిముద్రలు మాత్రం ఉన్నాయి. మధ్యాహ్న భోజనం బిల్లు కోసమని పెట్టించుకున్నారని కమిటీలోని తల్లులే మాతో చెప్పారు.

2009 విద్యాహక్కు చట్టం 6వ సెక్షన్ ఆవాసానికి దగ్గరలో బడి పెట్టే బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించింది. 5వ తరగతి వరకు ఆ దూరం కిలోమీటరు దాటకూడదన్నది రాష్ట్ర నిబంధన. సర్కారు బడిని ఎత్తేసే పద్ధతి మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. షరతులు మీరిన ప్రైవేటు బడి గుర్తింపు రద్దు చేయాలన్నా, 18వ సెక్షన్ ప్రకారం ముందు ఆ బడి వాదన వినాలి. పిల్లలు ఏ బడికి వెళ్లాలో ఉత్తర్వులోనే రాయాలి. తప్పు చేసిన ప్రైవేటు బడికి దక్కే ఆ పాటి విచారణ, ఏ తప్పూ చేయని మండల పరిషత్ బడికి అక్కర్లేదా?

మ్యాపులో గీత గీసి దూరం 900 మీటర్లేనంటున్నారు. పిల్లలకు రెక్కల్లేవు. చెరువు కట్ట చుట్టూ తిరిగి, లారీల రోడ్డు దాటి మేం నడిచి చూశాం. రెండు కిలోమీటర్లు దాటింది.

రోల్ తగ్గిందన్నది మరో సాకు. 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలని చట్టం షెడ్యూల్ చెబుతుంటే, ఖాళీ అయిన పోస్టును ఏళ్ల తరబడి నింపకుండా ఈ బడిని ఏకోపాధ్యాయ పాఠశాలగా మార్చిందెవరు?

2022 జూన్ 10న వచ్చిన జీవో 117 కూడా ఇవే తరగతులను హైస్కూళ్లకు తరలించింది. ఎన్నో ఆందోళనల తర్వాత 2025 మేలో అది రద్దయింది. దాని వాసన కింది కార్యాలయాల్లో ఇంకా పోలేదు.

వాట్సాప్ ఆదేశాన్ని వెంటనే ఉపసంహరించుకోవాలి. తల్లిదండ్రులందరినీ పిలిచి, ఊరి బడిలోనే సభ పెట్టి, వారి మాట వారి ముందే రాయాలి. ఖాళీ పోస్టు నింపాలి. అంతవరకు ఆ మూడు తరగతుల హాజరు పట్టీలు ఈ బడి బీరువాలోనే ఉంటాయి.