టెస్టరు దీపమున కందని సంగతి
ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఎలక్ట్రీషియను విద్య నభ్యసించి, పట్టా చేతబట్టుకొని వెలువడిన చిత్తూరు జిల్లా యువకుడు, బంగారుపాళెము మామిడితోటలో బోరుమోటారు చూడబోవునప్పుడు, వాని జేబులో తఱచుగా నుండునది యొక టెస్టరు మాత్రమే. ఆ చిన్నదీపము వెలిగిన కరెంటు కలదని తెలియును గాని, నీట నానిన కేబులుపొర యెంత చెడినదో, ఎర్తుతీగ నేలతో నిజముగా గలిసినదో లేదో అది చెప్పజాలదు. తడికాళ్లతో స్టార్టరు మీట నొక్కు రైతు ప్రాణము ఆ రెండింటిపైననే యున్నది గదా! కేబులుపొర నిరోధమును కొలుచు 500 వోల్టుల మెగ్గరు పెట్టి, ముల్లు ఒక మెగోమునకు దిగువకు జాఱుట కన్నులార చూచినవాడు ఆ మోటారును మరల బోరులోనికి దింపడు. అట్టి పరికరముల వెల క్రొత్తగా పని కెక్కినవానికి మోయరాని భారము. కావున, దక్షిణప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు కేంద్రమైన తిరుపతిలోనే, ఉత్తీర్ణులైనవారికి నెలదినముల ప్రయోగశిక్షణ నొసగి, మెగ్గరును ఎర్తు టెస్టరును స్వల్పమైన అద్దెకిచ్చు నేర్పాటు వెంటనే జరుగవలెనని నా దృఢాభిప్రాయము.