గేరు బండి ఎవరిది?

మా ఆయనకి ఆదివారం వస్తే ఇంగ్లండులో జరిగే పాత మోటార్ సైకిళ్ళ రేసులు ఫోనులో చూడటం పిచ్చి. పక్కన కూర్చుని చూడగా చూడగా నాకూ ఇష్టం పుట్టిందండీ. మ్యాంక్స్ నార్టన్, మ్యాచ్‌లెస్ జి50... అన్నీ మేం పుట్టకముందు బళ్ళు. నడిపేవాళ్ళలో జుట్టు నెరిసినవాళ్ళు బోలెడు. క్లబ్బు పోటీలు కదా, డబ్బు రావడం అటుంచి చేతిచమురు వదులుతుంది.

"ఈ వయసులో ఇదేం సరదా?" అనను. వారమంతా ఇంటికోసం పాటుపడిన మనిషి తనకంటూ ఓ పూట ఉంచుకుంటే తప్పేముంది? కానీ అదే సరదా మగవాళ్ళకైతే హాబీ, మనకైతే పొగరు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ బళ్ళు కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1962లో, బెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 50 సీసీ బండి మీద ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ పోటీలో దిగింది. సోలో బండితో అక్కడ దిగిన మొదటి మహిళ ఆవిడే. ఒక్క చుట్టే 60 కిలోమీటర్లు. ఇళ్ళ మధ్య, రాతిగోడల పక్కన మామూలు రోడ్డు. 22వ స్థానంలో పూర్తిచేసింది. ఆ తర్వాత? ఆడవాళ్ళకి ప్రమాదమంటూ ఆవిడ అంతర్జాతీయ లైసెన్సు లాగేసుకున్నారు! ఆ రోడ్డు అప్పటికే ఎందరో మగవాళ్ళ ప్రాణాలు తీసింది. వాళ్ళని మాత్రం ఎవరూ ఇంట్లో కూర్చోమనలేదు. మరో మహిళ సోలో బండితో అక్కడ దిగేసరికి 1978 వచ్చింది.

ప్రమాదం లేదనను. భర్త వెళ్తే భార్య గుండె చిక్కబట్టుకుని కూర్చోవాలి, భార్య వెళ్తానంటే రూలు అడ్డం రావాలి... ఇదెక్కడి న్యాయం?

మొన్న మా అమ్మాయి గేరు బండి నేర్చుకుంటానంది. అందరూ నా మొహం చూశారు. ముందు మంచి హెల్మెట్ కొందాం పదమన్నాను.