తలకిందుల తపస్సు

మా నర్సీపట్నంలో దిష్టి తగలకూడదని గుమ్మానికి కలబందను తలకిందులుగా కడతారు. మట్టీ లేదు, నీళ్లూ లేవు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుందేం? ఇందులో విఠలాచార్య మాయలేవీ లేవండోయ్! ఆకుల్లోని గుజ్జు నిండా నీరే. పైగా దాని ఆకురంధ్రాలు పగలు మూసుకుని రాత్రిళ్లు తెరుచుకుంటాయి, అచ్చం సెకండ్ షో ప్రేక్షకుల్లా! అందుకే ఆ నీరు తొందరగా ఆవిరైపోదు.

కానీ ఎన్నాళ్లు? పాత హిట్ల పేరుతో నెట్టుకొచ్చే హీరోలా నిల్వ తిని బతుకుతోందది. ఆకులు పల్చబడి ముడతలు పడ్డాయంటే ఆకలి కేకన్నమాట. మా వీధిలో అలా వేలాడేవాటిని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. దింపండి. ఇసుక కలిపిన మట్టిలో నాటి, తడి ఆరాకే నీళ్లు పోయండి. రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. తేరుకుంటే పక్కన పిలకలు కూడా వేస్తుంది. ఇంటిల్లిపాది దిష్టినీ మోసినదానికి ఆపాటి రిటైర్మెంటు ఇవ్వొద్దూ!