నొప్పికీ ఒక పాస్‌బుక్కు

కిందటి సంచికలో బ్యాంకు ఖాతాల నామినేషన్ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఖాతాల గురించి కాదు. మన బరంపురంలోనే ఉంటున్న ఒక సోదరి రాశారు. రొమ్ము కేన్సరుకి ఆపరేషనూ కీమోథెరపీ అయ్యాయట. రెండేళ్ళకి జబ్బు వెన్నెముకలో మళ్ళీ కనిపించిందట. డాక్టరుగారు మందులు మార్చి, పేలియేటివ్ కేర్ వాళ్ళని కూడా కలవమన్నారట. "అంటే నా ఖాతా మూసేసినట్టేనా, అన్నయ్యగారూ?" అని అడిగారు.

నేను బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయితే మా వదినగారికి ఇదే జబ్బు ఉన్న నాలుగేళ్ళూ ఆస్పత్రి ఫైళ్ళు మోసింది నేనే. డాక్టర్లని అడిగి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఖాతా మూసేయడం కాదమ్మా. పేలియేటివ్ కేర్‌ని తెలుగులో ఉపశమన చికిత్స అంటున్నారు. నొప్పి, వాంతులు, ఆయాసం, నిద్రపట్టకపోవడం, దిగులు, ఇంట్లోవాళ్ళ బెంగ - వీటిని చూసే వైద్యం అది. అసలు జబ్బుకి మందులు వాడుతూనే దీన్నీ చేయించుకోవచ్చు, మొదటి రోజునుంచీ చేయించుకోవచ్చు. లండన్లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆస్పత్రి పెట్టి దీనికి దారి వేశారు. మన దేశంలో 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన సంస్థ పేరు తెచ్చుకుంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలోనూ ఈ విభాగం ఉంది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకి కొత్తగా రొమ్ము కేన్సరు వస్తోంది. చాలామందికి జబ్బు ముదిరాకే తెలుస్తుంది కనక ఈ వైద్యం అవసరం ఎంతో ఊహించుకోవచ్చు.

ఇక మన గంజాం తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. 1936లో ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంనుంచి ఒడిశాలోకి వచ్చింది. అప్పటినుంచి ఇన్ని తరాలుగా ఇంట్లో తెలుగూ, వీధిలో ఒడియా నడుస్తున్నాయి. పెద్దవాళ్ళకి నొప్పి తెలుగులోనే వస్తుంది. డాక్టరుకి చెప్పేది మాత్రం ఒడియాలో చదువుకున్న మనవలు. మా వదిన "నడుం ఎముకలో సలుపు, చంకలో మంట, చీమలు పాకినట్టుంది, చెయ్యంతా బరువెక్కి లాగేస్తోంది" అని మూడు ముక్కలు చెబితే, పక్కనున్న మనవరాలు మూడింటికీ కలిపి "జొంత్రణా" అని ఒక్క మాట చెప్పింది. మూడింటికీ కలిపి ఒక్కటే మాత్ర రాశారు. నెలరోజులు అది వేసుకున్నా ఏ నొప్పీ సరిగా తగ్గలేదు. పిల్లదాని తప్పు కాదు, దానికి సలుపంటే ఏమిటో తెలియదు. మాటలు కలిసినట్టుండి మోసం చేస్తాయి కూడా. ఒడియాలో "పోడుఛి" అంటే మండుతోందని. మనకేమో అది పొడుస్తున్నట్టు వినిపిస్తుంది!

తరవాత తెలుగు తెలిసిన ఒక డాక్టరుగారు దొరికి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద మూడు వరసల్లో రాసుకున్నారు. ఎముక సలుపుకి మార్ఫిన్ లాంటి గట్టి మందు, దానితోపాటు ఆ చోట రేడియేషన్. ఒక్కోసారి ఒకే విడత సరిపోతుందట. మంటా, చీమలు పాకడం నరాలకి సంబంధించినవి. వాటికి గబాపెంటిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి వేరే ఉన్నాయి. చెయ్యి లాగడానికి మాత్రే అక్కర్లేదు. చంకలో గ్రంథులు తీసేశాక నీరు దిగక చెయ్యి వాస్తుంది, దానికి కట్టూ వ్యాయామమూను. మూడు నొప్పులు, మూడు వైద్యాలు. "ఓర్చుకో" అని చెప్పే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ. ఓర్చుకుంటే ఈ తేడా డాక్టరుకి ఎలా తెలుస్తుంది?

అందుకే ఆ సోదరికి ఒక రూళ్ళ పుస్తకం పెట్టుకోమని చెబుతున్నాను. బ్యాంకు పాస్‌బుక్కులాగే తేదీ, వేళ, ఎక్కడ, ఎలాంటి నొప్పి, సున్నానుంచి పదిలోపు ఎంత, ఏ మాత్ర వేసుకున్నారు, గంట తరవాత ఎంత ఉంది. మాటలు మాత్రం మీ సొంత తెలుగులోనే రాయండి: పోటు, సలుపు, తీపు, తిమ్మిరి, ఏదైతే అది. మనవలకి ఆ మాటలు ముందుగా ఇంట్లో కూర్చోబెట్టి విడమరిచి చెప్పండి.

మార్ఫిన్ పేరు వింటే మనవాళ్ళు "నల్లమందా!" అని హడలిపోతారు. నల్లమందునుంచి వచ్చిందే. కానీ నొప్పికి డాక్టరు చెప్పిన లెక్కప్రకారం వాడేవాళ్ళు దానికి బానిసలైపోతారన్న భయం అక్కర్లేదు. మొదటి రెండుమూడు రోజులు మగతగా ఉండొచ్చు. మలబద్ధకం తప్పదు కనక దానికి మందు మొదటి రోజే అడగండి. 1985 నాటి చట్టంవల్ల ఆస్పత్రులకి లైసెన్సుల మీద లైసెన్సులు కావలసివచ్చి ఇది దొరకడం గగనమైంది. 2014లో సవరించారు. గసగసాల పంట పండించే దేశంలో ఇన్నేళ్ళు మన ఆడవాళ్ళు ఆ బాధ పడ్డారంటే ఏమనాలో తెలియదు.

మా వదిన కోరిక ఒక్కటే, ఠాకురాణి యాత్ర చూడాలని. రెండేళ్ళకోసారి వచ్చేది కదా. పుస్తకం చూస్తే సాయంత్రం నొప్పి పెరుగుతోందని తెలిసింది. డాక్టరుగారిని అడిగి, బయల్దేరే అరగంట ముందు అదనపు మోతాదు వేసుకునే ఏర్పాటు చేసుకుంది. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళకుండా పడుకుని ఓపిక దాచుకుంది. మా బంధువుల అరుగు మీద కుర్చీ వేసుకుని ఘటం వచ్చేదాకా కూర్చుంది.

కొన్ని జాగ్రత్తలు. ఆపరేషన్ అయిన వైపు చేతికి బిగుతు గాజులు వద్దు. కత్తిపీట దగ్గర, పొయ్యి దగ్గర ఆ చెయ్యి జాగ్రత్త. గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి లేపే వ్యాయామం నేర్చుకోండి. పుండు పడి వాసన వస్తే సిగ్గుపడి గదిలో మూల కూర్చోకండి. మెట్రోనిడజోల్‌తో వాసన బాగా తగ్గుతుంది, నర్సుని అడగండి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 దాటితే పొద్దున చూద్దామనుకోవద్దు. వెన్నెముకలో జబ్బు ఉన్నవాళ్ళకి కాళ్ళు హఠాత్తుగా బలహీనమైనా, ఒంటికి పట్టు తప్పినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

మనకి ఊళ్ళో ఎం.కె.సి.జి. ఉంది. కటకంలో ఆచార్య హరిహర సంస్థ, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. చికిత్సకి రైల్లో వెళ్ళే కేన్సరు రోగికి స్లీపరులోనూ, మూడో తరగతి ఏసీలోనూ ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవారికి నూటికి 75 తగ్గింపు. అందుకు ఆస్పత్రివాళ్ళు నిర్ణీత నమూనాలో పత్రం ఇస్తారు. ఫైల్లో దాని జిరాక్సు కాపీలు నాలుగు పెట్టుకోండి. అసలుది ఇంట్లో మరిచిపోయి స్టేషనుకి వచ్చేవాళ్ళని నేను చాలామందిని చూశాను.