ఇరువది నాలుగు గంటల లెక్క

కాలము విలువైనదని చెప్పని పెద్దలు లేరు. దానిని వృథా చేయరాదని మందలించువారును అనేకులు. కాని మన దేశములో ఎవరి కాలము ఎట్లు గడచుచున్నదని ఇంటింటికి పోయి అడిగినవారు చాలకాలము వఱకు లేరు. భూమిని కొలిచిరి. 1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన సర్ థామస్ మన్రో, ఆ సీమలోని పొలములను కొలిపించి శిస్తు నిర్ణయించెను. తరువాతి ప్రభుత్వములు మనుష్యులను లెక్కించినవి, పశువులను లెక్కించినవి. దినమునకు మాత్రము కొలత లేకపోయెను.

1998 జూలై నుండి 1999 జూన్ వఱకు కేంద్ర గణాంక సంస్థ కాలవినియోగ సర్వే నొకదానిని ప్రయోగాత్మకముగ జరిపినది. హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒరిస్సా, తమిళనాడు, మేఘాలయ అను ఆఱు రాష్ట్రములలో మాత్రమే అది జరిగినది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. దేశమంతటికిని సంబంధించిన మొదటి సర్వే 2019లోను, రెండవది 2024లోను జరిగినవి. మొదటి దానిలో 1,38,799 కుటుంబములకు చెందిన 4,47,250 మంది వివరములు సేకరించిరి. ఆఱేండ్లు నిండిన వారందఱును ఈ లెక్కకు అర్హులు. అనగా, విద్యార్థులారా, మీరును అందులోనివారే. ముందటి దినము తెల్లవాఱుజామున 4 గంటలు మొదలుకొని 24 గంటలను అరగంటకొక గడి చొప్పున 48 గడులుగ విభజించి, ఏ గడిలో ఏమి చేసితిరని అడుగుదురు.

ఫలితములలో ఒక్కటి మాత్రము చెప్పెదను. 2019లో ఇంటివారి కొఱకు కూలి లేని ఇంటిపనులు చేసిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పనులు చేసిన పురుషులు 97 నిమిషములును వెచ్చించిరి. ఇక్కడ ‘చేసిన’ అను మాటను దాటిపోరాదు. ఆ పనులు చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో 26 మందియే. తక్కిన పురుషులు ఆ 97 నిమిషముల సగటులోనికే రారు. 2024లో ఈ సగటులు 289, 88 అయినవి.

ఇంత గొప్ప పని ఆరంభించినవారు ప్రశ్నలను సిద్ధపఱచునప్పుడు, కర్నూలు, కడప మెట్టపల్లెల దినమును కూడ కన్నులార చూచి సిద్ధపఱుపవలెనని నా అభిప్రాయము. “ఏడు గంటలనుండి ఏడున్నర వఱకు ఏమి చేసితివమ్మా?” అని అడిగినచో పత్తికొండ ప్రాంతపు ముసలి అవ్వ ఏమి చెప్పగలదు? కోడికూత, బస్సు వచ్చు వేళ, బడిగంట, పొద్దు వాలుట, ఇవియే ఆమె దినమునకు గుర్తులు. అడుగవచ్చిన ఉద్యోగి ఆ గుర్తులను ముందుగ ఊరిలో విచారించి గంటలలోనికి మార్చుకొనవలెను.

అంతకంటె కష్టమైనది ఒకేసారి జరుగు పనుల లెక్క. చేతిలో ఒలుచుచున్న వేరుసెనగకాయలు, ఒడిలో బిడ్డ, పొయ్యిమీద సంగటి ఎసరు: ఆ అరగంట ఏ పనిది? ఇంటి యజమానిని అడిగినచో “ఊరక కూర్చుండి యున్నది” అనును! కావున ఆమె దినమును ఆమెనే అడుగవలెను. “అదే వేళ మఱేమి చేయుచుంటివి?” అని రెండవమాఱు కూడ అడుగవలెను.

ఇక నీటి మాట. ఐక్యరాజ్యసమితివారి 2016 నాటి వర్గీకరణము ఇంటికి నీరు తెచ్చుటను, వంటచెఱకు తెచ్చుటను సొంత వాడుకకై వస్తువుల నుత్పత్తిచేయు పనులలో చేర్చినది. ఆ నీటితో వండుట వేఱొక వర్గము. బిందె గడప దాటగానే పని పేరు మాఱును! వినుటకు వింతయే గాని, ఎక్కడనో ఒకచోట గీత గీయక తప్పదు. దానిని నేను తప్పుపట్టను. నా సందేహము వేఱు. కొళాయికి నీరెప్పుడు వచ్చునో తెలియక బిందెలను వరుసలో నుంచి కాచుకొనియున్న గంట నీరు తెచ్చు పనిలోనిదా, విశ్రాంతిలోనిదా? అది కబుర్ల కాలమని వ్రాసికొనినచో మా సీమ స్త్రీలు మిక్కిలి తీరిక గలవారుగ తేలుదురు. పది నిమిషములకు తక్కువైన పనిని వ్రాసికొనరు. వేర్వేఱు వేళల తొమ్మిదేసి నిమిషముల చొప్పున ఆఱుమాఱులు బోరింగునకు పోయి వచ్చిన బాలిక 54 నిమిషములు ఏమగును? పాఠశాల హాజరు పట్టీలో ఆమె పేరునకెదురుగ ‘ఆలస్యము’ అని వ్రాయుట సులభము. ఆ బిందెకు అందులో గడి లేదు. ఈ సర్వేలోనైనను ఉండవలదా?

ఇది పట్టుదలకొఱకు చెప్పు మాట కాదు. 2019 ఆగస్టులో జలజీవన్ మిషన్ ఆరంభమైన పిమ్మట అనేక గ్రామములలో కొళాయిలు ఇండ్లలోనికి వచ్చినవి. అది మేలే. ఎంత మేలు? ఒక్కొక్క స్త్రీకి దినమునకు ఎన్ని నిమిషములు మిగిలినవి? ముప్పది నలువది యేండ్లనాడు మెట్టపల్లెలలో ఎవరును ఆ నిమిషములను వ్రాసికొనలేదు గనుక, నేటి లెక్కను దేనితో పోల్చి చెప్పుదుము? పోయిన దినమును మఱల కొలువలేము. కె.సి. కాలువ క్రింది ఊరిని, ఆలూరు చుట్టుపట్ల మెట్ట ఊరిని ఒకే రాష్ట్రపు సగటులో కలిపివేసినను ఇదే నష్టము. జిల్లాకు జిల్లా వేఱుగ, మాగాణికి మెట్ట వేఱుగ లెక్క తేలునన్ని ఇండ్లను ఎన్నుకొనుట ఖర్చుతో కూడిన పనియే. ఆ ఖర్చు పెట్టదగినది.

ఒక యింటిని ఒక దినము గూర్చియే అడుగుదురు గనుక, సర్వేను పండ్రెండు నెలలకును పఱచుట మంచి యేర్పాటు. విత్తనపు దినము వేఱు, వేసవి దినము వేఱు. కాని తాళము వేసిన యింటి మాట యేమి? ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి అనేక కుటుంబములు ఏటేట మిరపకాయలు కోయుటకును, పత్తి ఏరుటకును గుంటూరు సీమకు వలసపోవుచున్నవి. పెద్దలవెంట పిల్లలును పోవుదురు. ఆ నెలలలో సర్వే ఉద్యోగికి వారి ఊరిలో మూసిన తలుపు కనబడును. గుంటూరు పల్లెలో తిరుగువానికి చేనిగట్టున వేసికొన్న గుడిసె ఇల్లుగ తోచకపోవచ్చును. అట్లయిన వారి దినము రెండు చోట్లను వ్రాయబడదు. రాబోవు సర్వేకు ప్రణాళిక వేయువారు ఆ గుడిసెలను కూడ జాబితాలో చేర్చి, అచటికి ఉద్యోగులను పంపవలెను. పంపునప్పుడు చీకటిపడిన తరువాత పొమ్మని చెప్పవలెను. పగలు ఆ పొలములో వారికి సమాధానము చెప్పు తీరిక యుండదు.