భోజనపుబల్లపై ఋతుశోభ

తెలుగువారి ఇండ్లలోనికి భోజనపుబల్ల వచ్చి చేరి రెండు మూడు తరములు మాత్రమే అయినది. పట్టణములలోని మధ్యతరగతి గృహములందు అది నేడు దాదాపు తప్పనిసరి సామగ్రియైనను, ఆ బల్ల నడుమ ఏమి యుంచవలెనన్న ఆలోచన మాత్రము మనకింకను కుదురుకొనలేదు. ఎక్కువ ఇండ్లలో అచట కనిపించునవి ఊరగాయజాడీలు, మందుల డబ్బా, టీవీ రిమోటు, చెల్లింపవలసిన కరెంటు బిల్లు. వానినన్నిటిని ప్రక్కకు నెట్టి అలంకరణమునకు పూనుకొన్న ఇండ్లలోనో, పింగాణీ కుండీలో నిటారుగా గ్రుచ్చిన ప్లాస్టికు గులాబీలు దర్శనమిచ్చును. ఉగాదికిని దీపావళికిని, మండువేసవియందును ముసురువానయందును ఒకే రంగుతో, ఒకే భంగిమతో నిలుచు ఆ పూలు, రేకుల సందులలో వంటింటి జిడ్డును ధూళిని నింపుకొని, మనము కూర్చుండి అన్నము తిను చోటనే ఏండ్ల తరబడి కాపురముండును. బల్ల నడుమ ఉండవలసినది ఆనాటి ఋతువనియు, దానిని అచటికి తెచ్చుటకు పదినిమిషముల కాలమును, పెరటిలోనో వీథిలోనో దొరకు నాలుగు పూవులును చాలుననియు, ఇందులో ధనముతో పని మిక్కిలి స్వల్పమనియు నా దృఢాభిప్రాయము.

మన పెద్దలు నేలపై పీటలు వేసికొని భుజించిన కాలమున భోజనస్థలమునకు అలంకరణము లేకపోలేదు. తడిగుడ్డతో తుడిచిన నేలపై విస్తరి పరచుటకు ముందు తీర్చిన ముగ్గు, నీరు చిలకరించి తుడిచిన అరటియాకు పచ్చని నిగనిగ, దానిపై తమ తమ స్థానములందు ఒదిగిన పప్పు, కూర, పచ్చడి, అప్పడము, పరమాన్నముల వర్ణభేదము, ఇవి యన్నియు కలిసి, పంక్తిలో కూర్చుండిన అతిథి మొదటి ముద్ద కలుపుకొనుటకు మున్నే వాని మనస్సును ప్రసన్నము చేయుచుండెడివి. ఆ సౌందర్యమునకు అయిన వ్యయము పిడికెడు బియ్యపుపిండి, తోటలోని ఒక ఆకు. మనము బల్ల చుట్టు చేరిననాడు ముగ్గు గుమ్మము వెలుపలనే నిలిచిపోయినది; ఆకు స్థానమున స్టీలు కంచము వచ్చినది. కంచమును నేను నిందింపను. కడుగుటకు సులభము, ఏండ్ల తరబడి మన్నునది. పోయిన శోభకు బదులుగా మరియొక శోభను మన చేతులతో మనమే కల్పించుకొనవలసియుండగా, ఆ పనిని అంగడికి అప్పగించితిమన్నదే నా విచారము.

అంగడి మనకిచ్చినదేమి? 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడిన, ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టికు వస్తువుల పట్టికలో స్ట్రాలు, చెంచాలు, కప్పులతోపాటు అలంకరణమునకు వాడు థర్మోకోలును గూడ కేంద్రప్రభుత్వము చేర్చినది. వేడుక ముగిసిన మరునాటి ఉదయమున మురుగుకాలువలను పూడ్చివేయు వస్తువులలో అలంకరణసామగ్రికి గూడ పేరు పెట్టి చట్టము చేయవలసిన స్థితి వచ్చినదన్నమాట. పూలగుత్తులు గ్రుచ్చుటకు అంగళ్లలో అమ్ము ఆకుపచ్చని స్పంజిదిమ్మ చరిత్రయు ఇట్టిదే. 1954లో అమెరికాలో పుట్టిన ఆ దిమ్మ ఫినాలు, ఫార్మాల్డిహైడుల సంయోగముచే తయారగును. నీటిని పీల్చుకొని కాడలను నిలుపునుగాని, పారవేసిన పిమ్మట మట్టిలో కలియక, చిట్లి చిట్లి సూక్ష్మమైన ప్లాస్టికు రేణువులై నీటివెంట పోవును. పుష్పప్రదర్శనములకు లోకప్రసిద్ధి గాంచిన బ్రిటనులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈ హేతువుచేతనే 2021లో తన ప్రదర్శనములనుండి ఆ దిమ్మను బహిష్కరించినది. పూలే వృత్తిగా గలవారు విడిచిపెట్టిన వస్తువును మన భోజనపుబల్లపైకి తెచ్చుకొనవలసిన అగత్యమేమి?

చేయవలసిన పని యెంత సులభమో కొంచెము వివరించెదను. అటుకపై మూలబడియున్న ఇత్తడి తాంబాళమునో, అది లేనిచో లోతులేని యే పెద్దపళ్ళెమునో తీసికొని, చింతపండుతో తోమి, అంగుళము లోతున నీరు పోయవలెను. నందివర్ధనము పూలు ఐదారు, కాడ పూర్తిగా తీసివేసిన బంతిపూలు మూడు, ఒక మందారము, అంచులలో రెండు మూడు తమలపాకులు ఉన్నచో సరిపోవును. నందివర్ధనము తేలికైన పూవగుటచే వెల్లకిలగా నీటిపై నిలుచును. బంతిపూవు క్రింద తొడిమ మిగిలినచో ప్రక్కకు ఒరిగిపోవును గనుక దానిని చదునుగా కత్తిరింపవలెను. మందారమునకు చెట్టుననున్నను కోసినను ఆయువు ఒక్కనాడే. కావున దానిని తెచ్చి ఒకపూట మన యెదుట విరియనిచ్చుటవలన చెట్టునకు నష్టము లేదు. పళ్ళెమునిండ పూలు క్రిక్కిరిసినచో తేలుట యుండదు, శోభ యుండదు. మూడవవంతు నీరైనను ఖాళీగా విడువవలెను. నీటియడుగున ఇత్తడి పసుపువన్నెయు, పైన పూల తెలుపును ఒకదానినొకటి దిద్దుకొనుట ఆ ఖాళీయందే కనబడును. జపానుదేశమున గత శతాబ్దమునకు మున్నే ఒహారా ఉన్షిన్ అను కళావేత్త లోతులేని పళ్ళెములలో పూలనమర్చు మొరిబానా పద్ధతిని ప్రవేశపెట్టెను. అచట అది గురువులును శిష్యులును గల శాస్త్రమైనది. మితముగా వాడిన పూవునకే మర్యాద యన్న సూత్రమును మన తాంబాళమునకు గూడ అన్వయించుకొనవచ్చును.

నీటిపై పూలు మన ఇండ్లకు ప్రత్యేకముగా అనుకూలించుటకు మరియొక కారణము గలదు. నడినెత్తిన పంకా తిరుగుచుండగా పొడుగుకాడల గుత్తి వాలిపోవును, క్రొవ్వొత్తి ఆరిపోవును, పొడిరేకులు కంచములలోనికి ఎగురును; నీటిపళ్ళెము బరువునకు కదలదు, పూలు మాత్రము మెల్లమెల్లగా తిరుగుచుండును. పైగా బల్ల నడుమనున్న యే అలంకరణమైనను జానెడు ఎత్తు మించరాదు. ఎదుట కూర్చున్న బావగారి ముఖము కనబడక, పూలగుత్తికి ఇరుప్రక్కల మెడలు సాచి మాటలాడుకొనవలసివచ్చినచో, ఆ గుత్తి భోజనమునకు అడ్డుగోడయే యగును.

కాడలతో గూడిన పూలే కావలెననువారికి స్పంజిదిమ్మకు దీటైన సాధనము పెరటిలోనే యున్నది. వ్రతమునకో పండుగకో గుమ్మమునకు కట్టి, మరునాడు చెత్తబండిలో వేయు అరటిబోదెను మూడంగుళముల దిమ్మలుగా కోసి చూడుడు. పొరలుపొరలుగా అల్లుకొన్న ఆ బోదె నీటితో నిండియుండును. సన్నని పుల్లతో ముందుగా రంధ్రము చేసి, వ్రేలెడు కాడతో కోసిన చామంతులను అందులో వరుసగా గ్రుచ్చినచో పూటంతయు కుదురుగా నిలుచును. వాడిన పిమ్మట దిమ్మయు పూలును కలిసి మొక్క మొదట ఎరువగును. ఒక్క జాగ్రత్త: అరటిపసరు బట్టకంటినచో ఆ మరక పోదు గనుక దిమ్మక్రింద పళ్ళెము తప్పక యుంచవలెను.

ఇక ఋతువుమాట. ఉగాదినాడు పచ్చడికై తెచ్చిన వేపపూత కొమ్మ ఒకటి, పిందెలతోనున్న మామిడిరెమ్మ ఒకటి రాగిచెంబులో నిలిపినచో ఆ బల్లకు వేరు తోరణ మక్కరలేదు. మే నెలలో వీథుల వెంట ఎర్రతురాయిపూలు రాలి యుండును. ఏరుకొని కడిగి నీటిలో విడిచినచో సరి. శరత్కాలమున తెలంగాణమునందు బీళ్ళన్నియు తంగేటిపూల పసుపుతోను గునుగుపూల తెలుపుతోను నిండును; అదే కాలమున సీతాఫలములు గంపలకెక్కును. ఆకులతో కోసిన నాలుగు సీతాఫలములను చేటలో పేర్చి యుంచుట అలంకరణము, భోజనానంతరమున ఫలహారము. సంక్రాంతికి క్రొత్త వరికంకులు, రేగుపండ్లు, జానెడు జానెడు కోసిన చెరకుముక్కలు. శివరాత్రి ప్రాంతమున ఆకురాలిన మోదుగుకొమ్మపై నిప్పువన్నె పూలు. ఈ విధముగ బల్లనడుమ వస్తువు మారుచుండినచో, ఇంటిలోని పిల్లలకు ఏ పూవు ఎప్పుడు పూయునో, ఏ కాయ ఎప్పుడు ముదురునో ఎవరును పాఠము చెప్పకయే తెలియును. పండ్రెండవ అంతస్తులోని వసతిగృహమున పెరుగు బిడ్డకు ఇంతకు మించిన ప్రకృతిపాఠము భోజనవేళ మరి యెట్లు లభించును?

కొన్ని హెచ్చరికలు మాత్రము తప్పవు. గన్నేరు ఎంత సొగసైనదైనను ఆకు మొదలు పూవువరకు విషపూరితమైనది, ఉమ్మెత్తయు అట్టిదే, ఎరుపునలుపుల ముచ్చటతో గిన్నెలకెక్కు గురివిందగింజలు, నమిలినచో పసివారికి ప్రాణాంతకములు. అన్నము తిను చోటికి వీనిని తేరాదు. మొగలి, సంపెంగల ఘాటు పులుసు వాసనతో కలిసి రెండింటిని చెరచును గనుక వాని స్థానము దేవునిగదియో ముందుగదియో కావలెను. పండిన అరటిపండ్లు, మామిడిపండ్లు ఇథిలీన్ అను వాయువును విడుచును. ఆ వాయువు పూలను త్వరగా వాడజేయును గనుక పండ్లను పూలను ఒకే పళ్ళెమున రాత్రింబవళ్ళు ఉంచరాదు. కాడల పూలను ఎండయెక్కకముందే కోసి, కాడను ఏటవాలుగా కత్తిరించి, నీటిలో మునుగు ఆకులను దూసివేయవలెను. కుళ్ళిన ఆకులవలన పెరుగు సూక్ష్మజీవులు కాడలోని నీటిదారులను మూసివేయును. అన్నిటికంటె ముఖ్యము, నీటిని ప్రతిదినము మార్చవలెను. డెంగీని వ్యాపింపజేయు దోమ నిలువనీటి పాత్రల అంచులలోనే గ్రుడ్లు పెట్టును. వారము పదిదినములలో అవి దోమలై యెగురును. ఎండిన గ్రుడ్లు సైతము నెలల తరబడి బ్రదికియుండును గనుక నీరు పారబోయుటతో సరిపుచ్చక పాత్రను పీచుతో తోమవలెను.

ఇదంతయు తీరికగల సంపన్నులకు తగిన విలాసము గాని, ఉదయము ఎనిమిదింటికి బస్సునందుకొనవలసిన కుటుంబములకు సాధ్యమా యని ఆక్షేపించువా రుందురు. ఈ ఆక్షేపణకు బతుకమ్మయే సమాధానము. భాద్రపద అమావాస్య మొదలు దుర్గాష్టమివరకు తొమ్మిదినాళ్ళు, తెలంగాణపు పల్లెలలో పొలముపనులకు పోవు స్త్రీలే తాంబాళమున గుమ్మడియాకులు పరచి, తంగేడు, గునుగు, బంతి, కట్లపూలను వలయములు వలయములుగా పేర్చి, శిఖరమువంటి ఆకృతిని నిలుపుచున్నారు. అందులో వారు కొన్న పూలకంటె చేలగట్లపై కోసికొన్న పూలే యెక్కువ. కోస్తాలో ధనుర్మాసమంతయు ఆడపిల్లలు గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు నిలుపుదురు. సంపన్నుల తీరికనుండి ఈ విద్యలు పుట్టలేదు. కాయకష్టము చేయు చేతులనుండియే పుట్టినవి.

ఆక్షేపణలో రెండవ భాగము మాత్రము న్యాయమైనది. వంట, వడ్డన, అంట్లతోపాటు పూలపళ్ళెము గూడ గృహిణి నెత్తిననే పడినచో, అది శోభ కానేరదు, అదనపు చాకిరియగును. కావున ఈ పనిని పురుషులును పిల్లలును స్వీకరింపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. ఉదయపు నడకకు పోవు తండ్రి రాలిన పూలు నాలుగు జేబురుమాలులో తెచ్చుట, పదేండ్ల కుమారుడు పళ్ళెము తోమి నీరు నింపుట, ఏడేండ్ల కుమార్తె పూలనమర్చుట, అటుపిమ్మటనే తల్లి వచ్చి కూర్చుండుట న్యాయమైన క్రమము.

పూలు పండించు రైతును గూడ ఈ సందర్భమున తలపవలెను. కడియపులంక పూలసంతయందును, హైదరాబాదున గుడిమల్కాపూరు పూలమార్కెట్టునందును దసరా దీపావళులకు బంతి చామంతుల ధర ఆకాశమునంటును. పండుగలు, ముహూర్తములు లేని దినములలో అదే బంతిని కొనువారు లేక రైతులు మార్గమధ్యమున పారబోసిపోయిన వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము. పూలను పండుగకు మాత్రమే కొనుట మన అలవాటగుట యిందుకొక కారణము. కూరగాయలు తెచ్చు సంచిలో వారమునకొకసారి గుప్పెడు బంతిపూలు గూడ చేరినచో, మన యింటికి అది భారము కాదు, రైతునకు మామూలు దినములలోను ఒక గిరాకీ యేర్పడును.

ఒక ప్లాస్టికు గుత్తికి మనము పెట్టు డబ్బుతో నెలల తరబడి సజీవమైన పూలు తెచ్చుకొనవచ్చును. పెరడు గలవారికి అదియు అవసరము లేదు. ఐనను చవుక యన్నది ఈ పనికి నేను చెప్పు ప్రధానగుణము కాదు. ఇంటిలోని నలుగురును ఏకకాలమున ఒకచోట కూర్చుండునది నేడు ఆ ఒక్క బల్లచుట్టే. అక్కడ గూడ ఎవరి ఫోనును వారు చూచుకొనుచున్న కాలమిది. ఎవరో ఒకరు తమ చేతులతో ఆనాడే అమర్చిన పూలపళ్ళెము ఎదుటనున్నపుడు, దానినెవరు చేసిరని అడుగుటకును, బాగున్నదని మెచ్చుకొనుటకును, ఈ పూవు ఎక్కడిదని విచారించుటకును అవకాశము కలుగును. సంభాషణ అక్కడనే ఆరంభమగును. కావున ఈ ఆదివారము మధ్యాహ్నభోజనమునకు ముందు ప్రతి గృహస్థుడును బల్లపైనున్న బిల్లులను, డబ్బాలను తీసి సొరుగున వేసి, పళ్ళెమును నీటిని పిల్లల చేతికిచ్చి, పూలకు వారిని బయటికి పంపవలెనని నా ప్రార్థన.