మన వేలు, వాళ్ల మిషను

సైబర్ దొంగల చేతిలో రిటైరైన పెద్దాఫీసరు కోటి పోగొట్టుకుంటే ‘పాపం, మోసపోయారు’ అంటారు. వాడలో ముసలమ్మ వెయ్యి రూపాయల కూలి పోగొట్టుకుంటే ‘చదువులేక’ అంటారు. ఆయనది దురదృష్టం, మనది అజ్ఞానమూనా?

పోస్టర్లు ‘ఓటీపీ చెప్పొద్దు, పిన్ చెప్పొద్దు’ అంటాయి. మంచిదే. కానీ బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్‌తో డబ్బు తీసేటప్పుడు పిన్నూ లేదు, ఓటీపీ లేదు. ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలు. అంతే. మోసం చేసేవాడు ‘వేలు పడలేదమ్మా, మళ్లీ పెట్టు’ అంటాడు. మొదటిసారే డబ్బు పోయుంటుంది. రెండోసారిదే మన చేతికొస్తుంది. రసీదడిగితే కాగితం అయిపోయిందంటాడు.

గట్టిగా ఎందుకు అడగరంటారు చదువుకున్న బాబులు. షావుకారు నోటు మీద వేలు వేసేటప్పుడు అందులో ఏం రాశావని మన తాతలు అడిగితే మర్నాడు గింజలు పుట్టేవి కావు. బడికి దూరంపెట్టి వేలిముద్రగాళ్లను చేసిందీ వాళ్లే, ఆ పేరుతో వెక్కిరించిందీ వాళ్లే. ఇవాళ మిషను పెట్టుకున్నవాడు రేపు మనం అప్పుకు పోవాల్సిన ఇంటివాడే అయితే నోరెలా లేస్తుంది?

వేలిముద్రకు తాళం వేసుకోండి అని ఇంకో సలహా. ఆధార్ సంస్థ ఆ వీలు ఇచ్చిన మాట నిజమే. తాళం వేస్తే దొంగ మన వేలు వాడలేడు. రేషన్ షాపులో మనమూ వాడలేం! బియ్యానికి పోయిన ప్రతిసారీ ఫోనుకు ఓటీపీ తెప్పించుకుని తాళం తీయాలి. ఇంటికున్న ఒక్క ఫోనూ కొడుకుతో పట్నం పనికి పోతే ఆ తల్లి ఏం చేయాలి? వేలుతో తిండి ముడిపడనివాళ్లకే పనికొచ్చే తాళమిది.

పైగా వేలు మన దగ్గరే జారుతుందా? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల మీది వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశాడు. ముద్రలు బజార్న పెట్టింది సర్కారు ఆఫీసు. అక్కడెవరికీ అవగాహన సదస్సు పెట్టినట్టు మేం వినలేదు.

బ్యాంకుకు పోతే ‘మీ వేలే పడింది’ అని పంపేస్తారు. బ్యాంకు నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బుకు ఖాతాదారు బాధ్యుడు కాడని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్లో చెప్పింది. మూడోవాడి మోసమైతే 3 పనిదినాల్లోపు చెప్పాలంది. కాబట్టి ఆలస్యం చేయొద్దు. వెంటనే 1930కి ఫోను కొట్టండి. బ్యాంకులో అర్జీ ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి.

ఎంత తీశాడో మిషను తెలుగులో పైకి చెప్పాలని, నెలకోసారి వాడలోకే వచ్చి పాసుబుక్కులో ఎక్కించాలని వచ్చే గ్రామసభలో పట్టుబడదాం. స్టాంపు వెయ్యనన్న బ్యాంకు ఏదో మాకు రాయండి, అందరం కలిసి పోదాం.